మైలతుత్తం నుంచి కాపర్ సల్ఫేట్ దాకా: పదార్థాల పేర్లు, పొరుగు భాషలు

పటిక, నవాసారం, అన్నభేది, మైలతుత్తం, వెలిగారం, సురేకారం - ఇవి తెలుగువారి తొలి రసాయన పదజాలం. అద్దకంవారు, కంసాలులు, నాటువైద్యులు, బాణసంచా చేసేవారు ఈ మాటలను నిలబెట్టారు. రాష్ట్రం వెలుపల తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ అంగడి మాటలతో ఉన్న సంబంధం ఒకటి, పాఠ్యపుస్తకాల మాటలతో ఉన్న సంబంధం మరొకటి. ఆ తేడాను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాత పేరు వస్తువు రూపాన్నో గుణాన్నో చెబుతుంది. మైలతుత్తం సంస్కృతంలో మయూరతుత్థం, తమిళంలో మయిల్‌తుత్తం, కన్నడంలో మైలుతుత్త, మరాఠీలో మోర్‌చూద్. అన్ని భాషలూ ఆ నీలంలో నెమలినే చూశాయి. వెలిగారం తమిళంలో వెంగారం, కన్నడంలో బిళిగార. తెల్లని కారమనే అర్థం మూడింటిలోనూ ఉంది. అన్నభేది ఈ మూడు భాషల్లోనూ దాదాపు ఒకటే. కనుక హోసూరులోని తెలుగువాడికైనా, బళ్ళారిలోని తెలుగువాడికైనా అంగడికి వెళ్ళి ఈ సరుకు అడగడానికి భాష అడ్డుకాలేదు.

అయితే ఈ పేర్లు పదార్థాల బంధుత్వాన్ని చెప్పలేవు. మైలతుత్తం, అన్నభేది రెండూ గంధకికామ్ల లవణాలే. ఒకదానిలో రాగి, మరొకదానిలో ఇనుము. పేర్లు చూస్తే ఆ సంగతి తెలియదు. సున్నం మాట మరీ చిత్రం. సున్నపురాయి కాల్షియం కార్బొనేట్. బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు గాలి వెలువడి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. నీళ్ళు పోస్తే వేడి పుట్టి కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. గోడకు పూశాక గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని మళ్ళీ కార్బొనేట్‌గా మారుతుంది. వాడుకలో మాత్రం కాల్చినదీ, తడిపినదీ, గోడమీద ఆరినదీ అంతా సున్నమే.

ఈ చిక్కును విప్పడానికే 1787లో పారిస్‌లో గైటన్ ద మొర్వో, లవాజియే, బెర్తొలే, ఫూర్‌క్రువా కలిసి కొత్త నామకరణ పద్ధతిని ప్రకటించారు. సమ్మేళనం పేరు అందులోని మూలకాలను చెప్పాలన్నది వారి సూత్రం. ఆమ్లాలన్నిటికీ మూలమని భావించి లవాజియే ఒక వాయువుకు ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. ఉప్పునుంచి తీసే హైడ్రోక్లోరికామ్లంలో ఆక్సిజన్ లేదని 1810లో హంఫ్రీ డేవీ స్పష్టం చేశాడు. అయినా పేరు మారలేదు. తెలుగు ఆమ్లజని, కన్నడ ఆమ్లజనక, ఒడియా అమ్లజాన ఆ పొరపాటునే అనువదించుకున్నాయి. తెలుగు ప్రాణవాయువు, మరాఠీ ప్రాణవాయు ఆ ఇబ్బంది నుంచి తప్పించుకున్నాయి.

ఇక్కడే దారులు వేరయ్యాయి. తెలుగు ఉదజని కన్నడంలో జలజనక, ఒడియాలో ఉదజాన. తెలుగు నత్రజని కన్నడంలో సారజనక, ఒడియాలో యవక్షారజాన, మరాఠీలో నత్రవాయు. తమిళ పాఠ్యపుస్తకాలు ఆక్సిజన్, నైట్రజన్ అనే వాడుతున్నాయి. బరంపురంలో ఒడియా మాధ్యమంలో చదివిన తెలుగు పిల్లవాడు ఇంట్లో నత్రజని అనే మాట వినకుండానే పెరగవచ్చు.

తెలుగులో శాస్త్రవిజ్ఞానానికి దారి వేసినవారిలో ముఖ్యుడైన కొమర్రాజు లక్ష్మణరావు నాగపూరులో చదివినవాడు. 1906లో హైదరాబాదులో స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి తరువాత మద్రాసునుంచి పనిచేసింది. అంటే మన శాస్త్రభాష రూపొందడంలో ప్రవాసాంధ్రుల పట్టణాలకూ పాలున్నది. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని దశలవారీగా నిర్బంధ పాఠ్యాంశం చేశాక అక్కడి తెలుగు మాధ్యమం ఇంకా కుదించుకుపోయింది.

శాస్త్రానికి క్రమబద్ధమైన పేర్లు తప్పవు; వాటిని పిల్లలు ఏ భాషలో నేర్చినా నష్టం లేదు. కాని అంగడి మాటలు పోతే మళ్ళీ పుట్టవు. కంసాలి, అద్దకం, సున్నపుబట్టీ పనులు చేసిన పెద్దలు ఉండగానే, ప్రతి పాత పేరు పక్కన దాని రసాయన నామాన్నీ, పొరుగు భాషలోని రూపాన్నీ చేర్చి రాసిపెట్టుకోవడం ఇప్పుడు చేయవలసిన పని.