ఉత్తర చూసి ఎత్తర గంప

హిందూపురం నుంచి బెంగుళూరు వంద కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రం నేను ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకోగానే మా అవ్వ ఒకటే మాట అనేది, "ఏమిరా, గంపెత్తినావా?" అని. చాన్నాళ్ళు ఎగతాళి అనుకున్నా.

దాని వెనకున్న సామెత "ఉత్తర చూసి ఎత్తర గంప". ఉత్తర అంటే దిక్కు అనుకునేరు, కార్తె. సెప్టెంబరు మధ్యలో వస్తుంది. అప్పటికీ వాన పడకపోతే ఇక ఎదురుచూడకు, ఉన్నది గంపలో వేసుకుని ఊరు వదలమని అర్థం.

కార్తెల సామెతలు కోస్తాలోనూ ఉన్నాయి. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు వగైరా. కానీ మా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు కథ వేరు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు ఖాళీ అయిపోతాయి, తూర్పు తీరం తుఫాన్లు ఇక్కడిదాకా రావడం తక్కువ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ పడేది సెప్టెంబరులోనే. కాబట్టి మన భాషలో ఈ సామెత ఫోర్‌కాస్ట్ కాదండీ, డెడ్‌లైన్.

1868లో కెప్టెన్ కార్ తెలుగు సామెతల్ని ఇంగ్లీషు అర్థాలతో పుస్తకంగా వేశాడు. ఎనిమిదేళ్ళకే ధాత కరువు (1876-78) వచ్చింది. అప్పుడు ఈ ఊళ్ళన్నీ బళ్ళారి జిల్లాలో ఉండేవి, అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. 1871, 1881 జనాభా లెక్కల మధ్య ఈ ప్రాంతంలో దాదాపు ఐదోవంతు మంది తగ్గిపోయారు. చచ్చినవాళ్ళూ, గంప ఎత్తినవాళ్ళూ ఆ ఒక్క అంకెలో కలిసిపోయారు.

తర్వాత 1890ల మొదట్లో గుంతకల్లు-బెంగుళూరు రైలు మార్గం పడింది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరసగా ఆ లైన్లోనే ఉన్నాయి. కరువు సీమకు ధాన్యం చేర్చాలని వేసిన రైలు మనుషుల్ని బెంగుళూరుకి చేర్చింది. నేనెక్కేదీ అదే లైను.

అయితే సామెతలన్నీ ఒకే మాట చెప్పవు. "స్వాతి కురిస్తే చట్రాయి కూడా పండుతుంది" అని ఇంకోటుంది. స్వాతి కార్తె అక్టోబరు చివర్లో. 1952 కరువులో, గంజి కేంద్రాలు పెట్టిన కాలంలో, అవ్వ వాళ్ళ నాయన ఈ రెండో సామెతను నమ్మాడట. ఉత్తర పోయినా ఆగాడు. స్వాతీ పోయింది. ఎద్దుల్ని అగ్గువకు అమ్ముకుని కాలినడకన కదిలారు. దోవలో అవ్వ తమ్ముడు పోయాడు.

ఇదంతా అవ్వ ఒక్కసారే చెప్పింది. గంపెత్తినావా అని మాత్రం ప్రతి ఆదివారం అడిగేది, ఎత్తానవ్వా అంటే సరే పొమ్మనేది.