కాగితం అంటని గోడలు

ఏలూరు దగ్గరి వట్లూరు లాంటి ఊళ్లలో కొత్తగా లేచే ఇళ్లకు వాల్‌పేపరు అంటించుకోవాలన్న ముచ్చట ఇటీవలిది. ఐరోపాలో వందల ఏళ్లుగా ఉన్న ఈ అలవాటు ఏలూరు వైపు ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందంటే, డబ్బు లేకనో, ఆ షోకు తెలియకనో అని చెప్పి ఊరుకుంటారు. ఆ మాటలు నిలవవు. ఏలూరు తివాచీలు ఒకప్పుడు ఓడలెక్కి సీమకు వెళ్లాయి. పరాయి దేశపు గచ్చు మీద పరిచే సరుకు నేసిన ఊరికి ఆ దేశపు గోడల మీది అలంకారం అసలే తెలియదనుకోవడం కష్టం. కాగితం ఇక్కడ కుదురుకోకపోవడానికి కారణం మనిషి అభిరుచిలో కంటే గోడలోనే ఎక్కువ ఉందని నా వాదన. కాగితానికి ముందు గోడకు జరగాల్సిన పని, ఈ నేల గోడకు ఏటా జరిగే పని ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

ఈ నేలలో నీటికి కొదవ లేదు. 1850ల నాటికి ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు కట్టాక కృష్ణ కాలువ ఒకవైపు నుంచి, గోదావరి కాలువ మరోవైపు నుంచి ఏలూరు చేరాయి. ఊరి పక్కన తమ్మిలేరు, దిగువన కొల్లేరు. వరిచేల మధ్య కట్టిన ఇంటి పునాది నెలల తరబడి తడిలోనే ఉంటుంది. ఆ చెమ్మ ఇటుకల్లోంచి మెల్లగా పైకి పాకి, నేలలోని ఉప్పును వెంట తెస్తుంది. పేదవాడి మట్టిగోడకు ఊక కలిపిన మట్టి మెత్తి పేడతో అలికేవారు. కలిగినవాడి ఇటుక గోడకు గానుగలో నూరిన డంగు సున్నం పూసేవారు. రెండూ గాలి ఆడే పూతలే కాబట్టి తడి లోపల చిక్కకుండా బయటికి ఆరిపోయేది. వెల్ల వేసే పని చూస్తే గోడకు తడితో ఉన్న ఈ పొత్తు ఇంకా స్పష్టమవుతుంది. ముందు లేచిన పెచ్చులు గీకాలి, చీపురుతో దులపాలి, తర్వాత గోడను నీళ్లతో తడపాలి. పొడిగోడ సున్నంలోని నీటిని ఒక్కసారిగా పీల్చేస్తే, సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుని గట్టిపడే వ్యవధి ఉండదు. మర్నాటికే పొడిగా రాలుతుంది. ఉడికి చల్లారిన సున్నాన్ని గోనెగుడ్డలో వడగట్టి, పట్టు కోసం గంజో తుమ్మబంకో, తెలుపు కోసం చిటికెడు నీలిమందో కలిపి ఒక పూత అడ్డంగా, ఒకటి నిలువుగా వేసేవారు. ఏడాది తిరిగేసరికి ఉప్పు పొంగి గోడ అడుగున పెచ్చులు ఊడేవి. ఊడింది గోడ కాదు, వెల్ల. పోవడానికే వేసిన పూత అది.

కాగితానికి ఇవేవీ పనికిరావు. గోడ పూర్తిగా ఆరాలి, నెర్రెలు పూడాలి, పాత వెల్ల అంతా పోవాలి. లేకపోతే జిగురు పట్టేది గోడను కాదు, రాలే సున్నపు పొరను. ఆ పొరతో పాటే కాగితమూ ఊడొస్తుంది. ఆ తర్వాత జిగురును గోడ పీల్చేయకుండా సీమ పనివాళ్లు పల్చటి పశుచర్మపు జిగురు పూసేవారు. ఆ విద్య మనవాళ్లకు కొత్తదేమీ కాదు. 12వ శతాబ్దపు చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసంలో, బొమ్మలు వేయబోయే గోడకు గేదె తోలు ఉడికించిన వజ్రలేపాన్ని తెల్లమట్టితో కలిపి పూయమని ఉంది. అజంతాలో ఊక కలిపిన మట్టి మీద పల్చటి సున్నపు పూత కనిపిస్తుంది. గోడను నునుపు చేయడం తెలియక కాదు, ఆ ఓపికను కాగితం మీద పెట్టలేదంతే. పెట్టినా ఈ చెమ్మలో నిలిచేది కాదు. పిండిజిగురు బూజుకు మంచి మేత, కాగితం చెదకు విందు. చలిదేశంలో కూడా చెమ్మ పట్టిన గదుల్లో కాగితం మీది బూజు భయపెట్టింది: 1775లో రసాయనవేత్త షీలే కనిపెట్టిన ఆర్సెనిక్ ఆకుపచ్చ రంగును 19వ శతాబ్దపు వాల్‌పేపర్లలో విరివిగా వాడారు; ఆ కాగితాల మీద పెరిగే బూజు ఆర్సెనిక్ ఉన్న వాయువు పుట్టించగలదని 1890లలో ఇటలీ శాస్త్రవేత్త గోసియో చూపించాడు. ఘాటైన క్షారం కాబట్టి తాజా సున్నం మీద బూజు అంత తేలిగ్గా పెరగదు.

సున్నాన్ని మరీ నెత్తికెత్తుకుంటున్నారని ఎవరైనా అనవచ్చు. ఆనుకుంటే చొక్కాకు అంటుతుంది, ఏటా పండగ ముందు ఇల్లంతా సర్ది గీకే చాకిరీ, అందులో పెద్ద వాటా ఆడవాళ్లదీ కూలీలదీ. నిజమే. ఆ చాకిరీ తప్పించినందుకే డిస్టెంపరూ ఎమల్షనూ గెలిచాయి, గెలవాల్సిందే కూడా. ఇంకో అభ్యంతరం గట్టిది: ఇప్పుడు గోడలు సిమెంటువి, కాగితాలు వినైలువి, పాత లెక్కలు ఎందుకు? సిమెంటు పూత మట్టి, సున్నాల కంటే బిగుతైనది, దాని మీద వినైలు పొర మరీ బిగుతు. పునాది మీద చెమ్మను ఆపే పొర సరిగ్గా వేయని ఇంట్లో తడి పాకడం ఆగదు, దారి మాత్రం మూసుకుంటుంది. పైగా కొత్త సిమెంటులోని క్షారం పచ్చిగా ఉండగా అంటిస్తే రంగూ జిగురూ రెండూ చెడతాయి. అందుకే పనితెలిసిన పెయింటరు కొత్త గోడను కొన్ని వారాలు ఆరనిచ్చి, నెర్రెలకు లప్పం పెట్టి, ఎమెరీ కాగితంతో రుద్ది, క్షారాన్ని తట్టుకునే ప్రైమరు వేస్తాడు. పాత ఇల్లయితే తరతరాల వెల్లను పూత వరకూ గీకించమంటాడు. ఇంటివాళ్లు అక్కడే బేరమాడతారు, సగం గీకించి పైన లప్పం లాగించేస్తారు. మొదటి వర్షాకాలంలోనే కాగితం అంచులు లేస్తే నింద మాత్రం కాగితం కంపెనీకి పోతుంది.