ఊడ్పుల కూలి

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కాలువలు పారి, మాగాణి విస్తరించింది. ఆ చరిత్రలో కాటన్ పేరు, దగ్గరుండి కట్టించిన కెప్టెన్ ఓర్ పేరు నిలిచాయి. ఆ నేలలో ఏటేటా వరి ఊడ్చిన ఆడకూలీలకు మాత్రం మగవాళ్లకంటే తక్కువ కూలే దక్కింది. దీనికి కండబలాన్ని కారణంగా చూపుతూ వచ్చారు. పనుల చరిత్ర చూస్తే ఆ కారణం నిలవదు. ఊడ్పే తీసుకోండి. దమ్ము చేసిన మడిలో పిక్కల్లోతు బురద, పైన వాన. పొద్దస్తమానం నడుం వంచి, ఎడమచేత్తో ఆకు (వరి నారు) కట్ట పట్టుకుని, వెనక్కి అడుగేస్తూ రెండు మూడు మొక్కల చొప్పున నాటుకుంటూ పోవాలి. లోతుగా గుచ్చితే పిలకలు తగ్గుతాయి, పైపైన పెడితే మొక్క నీళ్లలో తేలిపోతుంది. దిగుబడిని నిలబెట్టే ఈ నేర్పుకు తేలికపని అని పేరు పెట్టడం అన్యాయం.

బస్తాలు మోయడం, గట్లు వేయడం బరువు పనులు కావా అంటారు. అవును, బరువే. కానీ కూలికి బరువే కొలత అయితే రోకటిపోటుకు మంచి ధర పలకాలి. గంటల తరబడి వడ్లు దంచినన్నాళ్లూ అది ఆడవాళ్ల చౌక పనే. మిల్లులొచ్చి ఆ బరువును యంత్రం ఎత్తుకున్నాక, యంత్రం నడిపే పని ఎక్కువ కూలితో మగవాళ్ల చేతికెళ్లింది. ఆడవాళ్లకు ధాన్యం ఆరబోయడం, చెరగడం, ఊడవడం మిగిలాయి. బరువు తగ్గిన పనికి కూలి పెరిగిందంటే, ఎవరు చేస్తున్నారన్నదే అసలు లెక్క.

1976 నాటి సమాన వేతన చట్టం ఒకే పనికి, ఒకేలాంటి పనికి సమాన కూలి ఇమ్మంది. ఆకుతీత మగపని, ఊడ్పు ఆడపని అని విడగొట్టిన చోట ఆ చట్టానికి పట్టు చిక్కలేదు. సమానంగా ఇస్తే చిన్నరైతు, కౌలురైతు తట్టుకోలేరన్న మాటను కొట్టిపారేయలేం. కౌలు భారం నిజం. ఆ భారాన్ని ఆడకూలీ ఒక్కతే ఎందుకు మోయాలి? ముఠా కట్టి ఎకరాకింతని ఊడ్పు గుత్తకు తీసుకుంటే అదే రైతు పనిని బట్టి డబ్బు లెక్కగడతాడు. 2008 నాటికి గ్రామీణ జిల్లాలన్నిటికీ చేరిన ఉపాధి హామీలోనూ ఆడామగా తేడా లేకుండా ఒకే రేటు. ఇప్పుడు కోత యంత్రాలు, వెదజల్లే సాగు ఊడ్పులకూ కోతలకూ కోత పెడుతున్నాయి. మిల్లుల నాటి అన్యాయం మళ్లీ జరగకూడదంటే ఆ యంత్రాలపై శిక్షణ, కొనుగోలు రాయితీ ముందు ఊడ్పు ముఠాల ఆడవాళ్లకే ఇవ్వాలి.