రెండు రోజుల ఇజాజత్

హ్యాకర్ అనగానే మన ఇళ్లల్లో పెద్దలకు బ్యాంకు ఖాతాలు దోచే చోర్ గుర్తొస్తాడు. అందుకే "అమ్మీ, రేపు మా కంపెనీల హ్యాకథాన్ ఉంది, రాత్రికి రాను" అని కొడుకో బిడ్డో చెప్తే కాసేపు గాబరానే. ఇంజనీర్ల జబాన్‌లో మాత్రం హ్యాక్ అంటే ఉన్న సామాన్‌తోనే త్వరగా ఒక తర్కీబ్ కనిపెట్టడం. దానికి మారథాన్ తోక తగిలింది, అంతే.

ఈ మాటకు తారీఖ్ మరీ పాతదేమీ కాదు. 1999 జూన్‌లో కెనడాలోని క్యాల్గరీలో ఓపెన్‌బీఎస్‌డీ ప్రోగ్రామర్లు పదిమంది ఒకచోట కూర్చుని కోడ్ రాశారు. రహస్య సంకేతాల సాఫ్ట్‌వేర్ ఎగుమతిపై అప్పట్లో అమెరికాలో పాబందీలుండేవి, సర్‌హద్ అవతలైతే ఆ ఫికర్ లేదు. ఆ మజ్లిస్‌నే హ్యాకథాన్ అన్నారు.

కంపెనీలు తర్వాత అందుకున్నాయి. ఆస్ట్రేలియాలోని అట్లాసియన్ 2005 నుంచి తన ఉద్యోగులకు 24 గంటలు వదిలిపెట్టి, మనసుకు నచ్చింది చేసి చూపమంది. ఫేస్‌బుక్ లైక్ బటన్ నమూనా 2007లో ఇలాంటి ఒక రాత్రే తయారైంది. జుకర్‌బర్గ్ ఒకటికి రెండుసార్లు కాదన్నాక, 2009 ఫిబ్రవరిలో గానీ జనం చేతికి రాలేదు.

ఇక్కడే అసలు మామ్లా. రెండు రోజుల జోష్‌తో నమూనా పుడుతుంది, సామాన్ పుట్టదు. శని, ఆదివారాలు గుంజుకుని, పిజ్జా తినిపించి, సోమవారం ఆ కోడ్‌ను అటకెక్కించే చోట జరిగేది, నా ఖయాల్‌లో, బేగారీయే. నిజాం జమానాలో పల్లెలకు తెలిసిన వెట్టి అది.

హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈవో అయ్యారు. ఆ ఏడాది వేసవిలోనే కంపెనీ అంతటికీ హ్యాకథాన్ మొదలైంది. అక్కడ సాకిబ్ షేక్ అనే ఇంజనీర్ ఉన్నారు, బ్రిటన్ వాసి. ఏడేళ్ల వయసులో చూపు పోయింది. ఫోన్ కెమెరా చూసింది చూసినట్టు చెవిలో చెప్తే ఎలా ఉంటుందన్న ఖయాల్‌ను ఆయన, సాథీలు ఆ హ్యాకథాన్‌లలో పట్టుకున్నారు. చూపు లేనివాళ్ల జరూరత్ ఆయనకు ఎవరూ ఫైల్‌లో రాసి పంపక్కర్లేదు. కావాల్సింది మామూలు డ్యూటీ పక్కన పెట్టడానికి ఇజాజత్. ఆ తర్వాత టీమ్, బడ్జెట్, ఏళ్ల మెహనత్. 'సీయింగ్ ఏఐ' యాప్ బయటికొచ్చింది 2017 జూలైలో.

వికలాంగులకు పనికొచ్చే ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌దీ ఇదే నడక: 2015 హ్యాకథాన్‌లో నమూనా, 2018లో దుకాణంలో.

సీయింగ్ ఏఐ ముఫ్త్‌గానే దొరుకుతుంది. 2023 డిసెంబర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది. అచ్చు అక్షరాలు చదువుతుంది, మన రూపాయి నోట్లు గుర్తుపడుతుంది. ఇంట్లో చూపు తగ్గిన బుజుర్గులుంటే వాళ్ల ఫోన్‌లో ఎక్కించి, ఒకసారి పక్కన కూర్చుని చూపించండి.