లిస్ట్ గదిలో వినేవాళ్లు

యూరప్‌లోనూ అమెరికాలోనూ వేసవి వస్తే పియానో ఉత్సవాలు మొదలవుతాయి. పేరున్న విద్వాంసుడి ఎదుట ఒకరు వాయిస్తారు, మిగతా పిల్లలు కూర్చుని వింటారు. మాస్టర్ క్లాస్ అనే ఈ పద్ధతికి అంత పేరు తెచ్చినది సంగీత కళాశాల కాదు, జర్మనీలోని వైమార్‌లో ఒక ఇంటి మేడగది. పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ 1869 నుంచి 1886లో చనిపోయేదాకా ఏటా కొన్ని నెలలు అక్కడ ఉండేవాడు. రాజోద్యానం తోటమాలి ఇంటిని ప్రభువు కార్ల్ అలెగ్జాండర్ ఆయనకు విడిదిగా ఇచ్చాడు. వారానికి మూడు మధ్యాహ్నాలు పాఠం. శిష్యులు తెచ్చిన స్వరపత్రాలు ఒకచోట దొంతరగా పెడితే, లిస్ట్ వచ్చి తిరగేసి, ఒకటి పైకి తీసి ఇది ఎవరిదని అడిగేవాడు. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, వంతు రానివాళ్లే ఎక్కువ. నా దృష్టిలో ఆ గది అసలు బలం వాళ్లలోనే ఉంది.

ఇందుకు సాక్ష్యం శిష్యుల రాతల్లోనే దొరుకుతుంది. 1873లో అక్కడ చదివిన అమెరికన్ యువతి ఏమీ ఫే ఇంటికి రాసిన ఉత్తరాల్లో తన పాఠంతో పాటు పక్కవాళ్ల వాయింపూ, లిస్ట్ వాయించి చూపిన తీరూ కనిపిస్తాయి. ఆఖరి మూడేళ్ల పాఠాలను ఆగస్ట్ గొల్లెరిక్ తేదీలవారీగా రాసిపెట్టాడు: ఏ రోజు ఎవరు ఏ రచన వాయించారు, గురువు ఏమన్నాడు అని. తన వంతు కోసమే కాచుకున్న మనిషి అలా రాయడు. వేళ్ల సాధన ఇంటి దగ్గరే ముగించుకుని రావాలన్నది లిస్ట్ నియమం. గదిలో మాట్లాడుకున్నది రచన భావం గురించి, లయ విడుపు గురించి. అలాంటి మాట ఒకరికి చెప్పినా పదిమందికీ అందుతుంది.

ఇది పాఠం కాదు, దర్బారు అన్న విమర్శ అప్పుడే ఉంది. లిస్ట్ రుసుము తీసుకోడు, కాదనలేడు, అందుకే పస లేనివాళ్లూ చేరిపోయారు. ఒకసారి ఆయనకు జబ్బు చేస్తే, పాత శిష్యుడు హన్స్ ఫాన్ బ్యూలో పాఠం చెప్పి కొందరిని గెంటేశాడు, లిస్ట్ మళ్లీ రానిచ్చాడు. బ్యూలో కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ గుంపులోంచే పియానో విద్వాంసులు డాల్బెర్ట్, సాయెర్, రోజెంతాల్, లామండ్ వచ్చారు. వాళ్లు వాయించినవి రికార్డుల్లో ఇప్పటికీ వినొచ్చు. అదే గదిలో నేర్చుకున్న సిలోటి మాస్కో వెళ్లి రహ్మానినోవ్‌కు గురువయ్యాడు. ప్రతిభ ముందే ఉన్నవాళ్లు ఎక్కడైనా పైకొచ్చేవారే అనొచ్చు. నిజమే. అయినా వాళ్లు ఒకరి వాయింపు మరొకరు వింటూ ఎదిగారన్నది కాదనలేం.

రుసుము వద్దనడం వట్టి మెతకతనం కాదు. చిన్నతనంలో వియన్నాలో చెర్నీ తనకు డబ్బు తీసుకోకుండా నేర్పాడు, లిస్ట్ ఆ రుణాన్ని శిష్యులకు తీర్చాడు. నేటి ఉత్సవాల్లో చాలావాటిలో రుసుము తప్పదు, ఖర్చులుంటాయి. ఎంపికైనవారికి వాయించే చోటు, మిగిలినవారికి వినే కుర్చీ దొరుకుతాయి. ఆ కుర్చీని ఓడినవాళ్ల చోటుగా చూసే నిర్వాహకులు గొల్లెరిక్ డైరీ తెరిచి చూడాలి. అందులో సగం పాఠం వినేవాళ్లదే.