రొయ్య మీసములోని ఇసుక

మాడుగులపల్లి, మిర్యాలగూడ ప్రాంతముల వరిచేల గట్లపై ఎండ్రకాయను చూడని విద్యార్థి అరుదు. కన్ను పనికిరాని బురదనీటిలో, చీకటి బొరియలో కూడ అది తన కాళ్లు ఒకదానికొకటి చిక్కుకొనకుండ నడచును. వెల్లకిల పడవేసినచో తిరిగి బోర్లపడును. ఏది క్రిందో, ఏ కాలు ఎంత వంగియున్నదో దానికెట్లు తెలియును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది. అందు మొదటి నలుబది యేండ్లు వారు పెడదారినే పోయిరి.

రొయ్యకు రెండు జతల మీసములు కలవు. వానిలో చిన్న జత మొదట్లో, ఒక్కొక్క మీసమునందు ఒక చిన్న సంచి యున్నది. సంచిలో సన్నని వెండ్రుకలు, వానిపై ఇసుక రేణువులు ఉండును. 1843లో ఇంగ్లండులో ఆర్థర్ ఫార్ దీనిని చెవి యని వర్ణించెను. 1863లో జర్మను శాస్త్రజ్ఞుడు విక్టర్ హెన్సెన్ కూడ అట్లే తలచెను. అయినను ఆయన చూచిన విషయమొకటి అమూల్యమైనది. సంచి లోపలి పొర పెంకులో భాగమే. కావున రొయ్య కుబుసము విడిచినపుడెల్ల ఆ ఇసుకయు పోవును. అప్పుడది క్రొత్త రేణువులను నింపుకొనును. హెన్సెన్ వడకట్టిన నీటిలో ఇసుకకు బదులు యూరికామ్లపు స్ఫటికములను వేయగా, కుబుసము విడిచిన పిదప సంచులలో అవియే కనిపించెను!

1887లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈవ్ దెలాజ్ ఈ సంచులను తొలగించి, కండ్లను కూడ పనిచేయకుండ చేసి చూచెను. ఆ జీవులు నిలకడ తప్పి పొరలుచు ఈదినవి. ఇది చెవి కాదు, తులను కాపాడు అవయవమని ఆయన వాదించెను. కాని గాయపడిన జీవి ఏ కారణముచేతనైన తొట్రుపడవచ్చును గదా!

గాయము లేకుండ ఈ సంగతి తేల్చినవాడు వియన్నా నగరపు ఆలోయిస్ క్రైడ్ల్. 1893లో ఆయన కుబుసము విడిచిన రొయ్యలకు ఇసుక దొరకనీయక, సన్నని ఇనుపరజనును మాత్రమే ఉంచెను. పాపము, రొయ్యలు దానినే సంచులలో నింపుకొన్నవి. పిదప ఆయన ఒక ప్రక్కనుండి అయస్కాంతమును చేర్చగా రొయ్య ఒరిగినది. దాని కడుపు అయస్కాంతము వైపునకు, వీపు ఎదుటి వైపునకు తిరిగినవి. కారణము సులభము. రేణువు వెండ్రుకలను ఏ దిక్కునకు నొక్కునో, రొయ్యకు అదియే ‘క్రింద’. మేస్త్రి గోడ నిలువును చూచుటకు వ్రేలాడదీయు గుండు వంటిదే ఈ రేణువు; గుండును ప్రక్కకు లాగినచో గోడయే వంకర యని తోచును గదా. ‘స్టాటోసిస్టు’ అను పేరును బట్టీపట్టు విద్యార్థికి ఈ కథ చెప్పిన చాలును, పేరు దానంతట అదియే గుర్తుండును. ఆ రొయ్యల కుటుంబమునకే మన మంచినీటి రొయ్యయు చెందినది.

పీతలలో ఈ సంచి ఇంకను జటిలమైనది. అందు మన చెవిలోని అర్ధవృత్తాకార నాళములను పోలిన నాళములున్నవి. 1970 దశకపు తొలి యేండ్లలో శాండెమన్, ఒకాజిమా పరిశోధించినది మన కోస్తావారికి పరిచితమైన మండపీత జాతినే. శరీరము తిరిగినపుడు నాళములోని ద్రవము వెనుకబడి, అందలి వెండ్రుకలను వంచును.

ఇక కాళ్ల సంగతి. 1954లో బర్క్ సముద్రతీరపు పీత కాలి చివరి కీలునందు సాగెడి తంతువు నొకదానిని, దానికి అంటియున్న నాడీకణములను వర్ణించెను. 1959లో వీర్స్‌మా, బోటిగర్ వాని సంకేతములను నమోదు చేసిరి. కొన్ని కణములు కీలు ముడుచుకొనునపుడు మాత్రమే పలుకును. కొన్ని తెరచుకొనునపుడు మాత్రమే. కీలు కదలక నిలిచియున్నపుడు దాని స్థితిని తెలుపు కణములు వేరుగా కలవు.

అంతకు ముందే, 1951లో, ప్లిమత్ సముద్రజీవ పరిశోధనాలయమున అలెగ్జాండ్రోవిచ్ లాబ్‌స్టర్ పొట్టభాగపు కండరములలో సాగుదలను గుర్తించు గ్రాహకములను కనుగొనెను. వానికి కేంద్ర నాడీమండలమునుండి అణచివేయు నాడులు కూడ వచ్చును. ఈ చిన్న అవయవము వలన ఊహించని లాభము కలిగినది. ఎర్నెస్ట్ ఫ్లోరీ క్షీరదముల మెదడునుండి తీసిన సారమును క్రేఫిష్ గ్రాహకముపై పోయగా దాని సంకేతములు ఆగిపోయెను. ఆ సారములోని ముఖ్య పదార్థము గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లమని 1957లో తేలినది. మానవుని మెదడులో నాడులను శాంతింపజేయు ప్రధాన రసాయనము అదియే. మూర్ఛరోగమునకు నేడు ఇచ్చు మందులలో పెక్కు ఈ రసాయనపు పనిని బలపరచునవే.