చెరువుకు పన్నెండో అంగం

ఉదయగిరి పేరెత్తితే మన చరిత్రకారులకు ముందుగా గుర్తుకు వచ్చేది 1514. ఆ సంవత్సరం కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోనుంచి దుర్గాన్ని గెలుచుకున్నాడు. ఆ ముట్టడి గురించీ ఆ గెలుపు గురించీ పేజీలకు పేజీలు వున్నాయి. దుర్గం కిందనున్న పల్లెల్లోనూ, దిగువన పెన్న ఒడ్డుదాకా సాగిన ఆత్మకూరు సీమలోనూ జనం ఏ నీళ్ళు తాగి బతికారు? కొండమీది దండుకు తిండిగింజలు ఏ చెరువుకింద పండాయి? ఈ ప్రశ్నలు ఆ పేజీల్లో అరుదు.

అడగడానికి ఆధారాలు లేక కాదు. ఉదయగిరికి పడమట వెలిగొండలు దాటితే కడప సీమలో పోరుమామిళ్ళ వున్నది. అక్కడ 1369లో ఒక చెరువు కట్టి, అనంతరాజ సాగరమని పేరుపెట్టి, ఆ సంగతి రాతిమీద చెక్కించిన వాడు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. ఇతనికే భవదూరుడని మరో పేరు. ఉదయగిరిలో వుండి తూర్పు రాజ్యాన్ని ఏలినవాడు ఇతడే. ఆ సంస్కృత శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా పధ్నాలుగో సంపుటంలో ప్రకటించినది వి. ఎస్. సుక్తంకర్, తర్వాత భారత సంశోధిత ప్రతికి సంపాదకుడైన సుక్తంకరే. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళం భారతం ద్వారా ఆయన్ని ఎరుగుదుం. చెరువు ద్వారా ఎరగం.

తరగతిలో శాసనాలు చెప్పేటప్పుడు మేమంతా సాధారణంగా ప్రశస్తి శ్లోకాలదగ్గర ఆగిపోతాం. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి, పుణ్యకార్యం, అంతటితో సరి. కాని ఈ శాసనంలో పుణ్యంకంటె విలువైనది వేరే వున్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువును చెరిచే ఆరు దోషాలు అందులో వరసగా చెప్పారు. ధర్మమూ సంపదా కీర్తికాంక్షా గల రాజు, పాథశ్శాస్త్రం, అంటే జలశాస్త్రం, తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, తీయని నీరు తెచ్చే యేరు, యేటిని ఇరువైపులా ఆనుకున్న కొండ, ఆ కొండలమధ్య మరీ పొడవుకాని దృఢమైన రాతికట్ట, విశాలమై లోతైన గర్భం, దగ్గరలో నిడుపాటి రాళ్ళు దొరికే గని, దిగువన చదునైన సారవంతపు పొలాలు... ఇలా సాగి, చివర పన్నెండో అంగంగా, నిర్మాణం తెలిసిన పనివాళ్ళ సమూహం.

పాలకుడి పేరు మొదటిది, పనివాళ్ళది చివరిది. ఇది ఆ యుగధర్మం. అయితే అదే శాసనం ఇంకో లెక్క కూడా దాచకుండా చెప్పింది: రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ కాలం. గుణించి చూస్తే యేడు లక్షల పనిదినాలు. అందులో ఒక్క మనిషి పేరయినా రాయి మీదికి ఎక్కలేదు. వాళ్ళు మనకు వదిలిపోయినవి మాటలే: తూము, కలుజు, కట్ట, ఆయకట్టు, పూడిక. శాసనం సంస్కృతంలో వున్నా చెరువు మాత్రం తెలుగులోనే నడిచింది.

ఇప్పుడు దోషాలు చూడండి. కట్టనుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున వుండడం, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట, నీరు తక్కువై పారవలసిన భూమి ఎక్కువ కావడం, చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం. రాజ్యాల సరిహద్దు పోయిందనుకుంటాం గాని, కట్ట ఒక శాఖది, చేప ఇంకొక శాఖది, చెరువు పోరంబోకు మూడో శాఖది అయినచోట ఆ మూడో దోషం పోలేదు. నేను ముఖ్యంగా చెప్పదలచింది చివరి రెంటి గురించి. భాస్కరుని కాలపు శాస్త్రజ్ఞుడికి అవి స్థలదోషాలు. చోటు సరిగా ఎంచుకుంటే తప్పేవి. ఈ చెరువుకు నీరు చాలదు, ఆ చెరువుకు నీరు పట్టదు, అంతే. నేడు రెండు దోషాలూ ఒకే చెరువుకు, మూడు నాలుగేళ్ళ ఎడంలో వస్తున్నవి.

ఎందుకు? నెల్లూరు సీమకు ప్రధానమైన వాన ఈశాన్య ఋతుపవనానిది, బంగాళాఖాతం వాయుగుండాలది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు నూటికి 7 వంతులు అదనంగా ఆవిరిని మోయగలదు. మోసినది కురిసినప్పుడు ఒక్కమారుగా కురుస్తుంది. కురవని రోజుల్లో అదే వేడి నేలనుంచీ చెరువునుంచీ తడిని లాగుతుంది. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. అదే నెల ఆత్మకూరు సీమలోని సోమశిలకు పెన్న వరద పోటెత్తింది. దిగువ పల్లెల్లో నీళ్ళు నిలిచాయి. 78 టీఎంసీల జలాశయమే వదిలిపెట్టక తప్పని నీరు అది. ఇక పూడిన చిన్న చెరువుల కలుజుల మాట చెప్పేదేముంది!

నీటివేడి సంగతికి వస్తే, సరస్సుల శాస్త్రానికి పునాదివేసిన ఫోరెల్ స్విట్జర్లాండువాడు. 1892 నుంచి జెనీవా సరస్సు గురించి మూడు సంపుటాలు వెలువరించాడు. లోతైన సరస్సులో పైన వెచ్చని తేలికనీరు, అడుగున చల్లని బరువునీరు పొరలుగా నిలుస్తాయి. వేడి పెరిగినకొద్దీ పొరలు ఎక్కువకాలం కలవవు, అడుగుకు ప్రాణవాయువు అందదు. ప్రపంచంలోని 235 సరస్సులను పరిశీలించి 2015లో ప్రకటించిన లెక్క ప్రకారం, 1985 నుంచి 2009 వరకు వేసవిలో పైనీటి వేడి దశాబ్దానికి సగటున 0.34 డిగ్రీల చొప్పున పెరిగింది. శ్రమపడి చేసిన పని, కాదనను. కాని మన చెరువు జెనీవా సరస్సు కాదు. అది మనిషి కట్టింది, లోతు తక్కువది, యేటేటా ఎండేది.

మనవాళ్ళు ఈ దారిన నడవలేదని కాదు. హైదరాబాదు చేపలచెరువుల నాచుమీద ఏ. ఆర్. జాఫర్ 1964లో, ఆ నగరపు మంచినీటి కుంటల మీద ఎం. మునావర్ 1970లో పరిశోధనలు ప్రకటించారు. మునావర్ తరువాత కెనడా వెళ్ళి అక్కడి మహాసరస్సులమీద పనిచేసి పేరు తెచ్చుకున్నారు. ఇందులో ఆయన్ని అనవలసింది లేదు. ఇక్కడి కుంటను కొలిచే ఉద్యోగం ఇక్కడ ఎన్ని వున్నాయని అడగాలి.

లోతులేని చెరువులో జరిగేది ఇది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకుంటే, 30 డిగ్రీల నీరు ఏడున్నరే పట్టుకుంటుంది. పగలు నాచు దాన్ని పుట్టిస్తుంది, రాత్రి తానే మింగుతుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకివచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఇక పూడిక చేరిందనుకోండి. నీటి పరపు అంతే వుంటుంది, లోతు తగ్గుతుంది. సూర్యుడికి అంతే ముఖం చూపిస్తూ తక్కువ నీరు నిలుస్తుంది గనుక త్వరగా కాగుతుంది. నిలిచినదాంట్లో ఎక్కువ వంతు ఆవిరైపోతుంది. అంటే ఆకాశపు వేడిని చెరువుమీద రెట్టింపు చేసేది చెరువులోని మన్ను. వాతావరణం మారింది, మనమేం చేస్తామని చేతులు దులుపుకునేవాళ్ళు ఈ మన్ను మాట ఎత్తరు.

ఆ మన్నుకు చరిత్ర వున్నది. పూర్వం చెరువు బాగోగులకు దశబంధం ఇనాములుండేవి. రైతులు చేయవలసిన కుడిమరామత్తు వుండేది. 1801లో నెల్లూరు కంపెనీ చేతికి వచ్చింది. శిస్తు కంపెనీకి ముట్టింది. మరమ్మత్తు మాత్రం వెనకబడింది. 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమచట్టం తెచ్చి, ఆనవాయితీ పని చేయని రైతునుంచి ఆ పని విలువకు రెట్టింపు రాబట్టవచ్చునన్నది. 1876-78 ధాత కరువులో లక్షలమంది చచ్చిన తరువాతగాని, 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలు కాలేదు. 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చి జమీందారీ పోయింది. పోవలసిందే. కాని దానితోపాటు వచ్చిన చెరువులకు తగినంత డబ్బూ మనుషులూ రాలేదు.

ఇక్కడ కొందరు మిత్రులు పాత గ్రామం స్వర్గమనీ, తెల్లవాడు దాన్ని చెరిచాడనీ తేల్చేస్తారు. ఈ వాదం నాకు మింగుడుపడదు. కుడిమరామత్తులో పార పట్టినది ఎవరు, ఆయకట్టులో మడి వున్నది ఎవరికి? మన్ను తవ్విన ఉప్పరికీ, రాయి కొట్టిన వడ్డెకూ, వానరాత్రి కట్ట కాచిన మాలమాదిగలకూ తూము కింద భూమి ఎంత? వెట్టిని ఉమ్మడితనమని పిలిస్తే అది చరిత్ర కాదు, పెత్తందారు జ్ఞాపకం.

చెరువు పోతే పంట మాత్రమే పోదు. 1937లో షార్ట్, ఆయన సహచరులు మనదేశంలో ఫ్లోరైడు వ్యాధిని మొదటిసారి శాస్త్రీయంగా నమోదుచేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఉదయగిరికి ఉత్తరాన వున్న ఆ ప్రాంతం 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి పోయింది. మెట్టలో వాననీరు నిలిచిన చెరువులో ఫ్లోరైడు తక్కువ. రాతిపొరల్లో చాలాకాలం నానిన నీటిలో ఎక్కువ. చెరువు ఎండి బావి ఎండి బోరు లోతుకు పోయేకొద్దీ, పళ్ళు గారపట్టి ఎముకలు వంకరపోయే పిల్లల కథ మొదలవుతుంది. బోరు వేయగలిగినవాడు దూరంనుంచి మంచినీరు కొనుక్కోగలడు. కూలివాడు బోరునీరే తాగుతాడు.

2005 నాటి ఉపాధిహామీ చట్టం కింద మెట్ట మండలాల్లో పూడిక తీసినవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. అనంతరాజ సాగరానికి లేనిది ఆ పనికి వున్నది: మస్టరు. దానిలో పేరున్నది, తేదీ వున్నది, కూలి వున్నది. కొలతల పుస్తకంలో తవ్విన మన్ను ఎన్ని ఘనపు మీటర్లో వున్నది. ఏ చెరువు ఏ సంవత్సరం ఎంత లోతు పెరిగిందో లెక్కకట్టాలంటే నీటి వేడి చూసే మనిషి మొదట తెరవవలసిన పుస్తకాలు ఆ రెండే.